పెరటి గది ఇంటి దరికి వచ్చునప్పుడు: స్నానపు గది, మరుగుదొడ్డి అమరికలోని చిక్కులు

(గ్రామీణ గృహ నిర్మాణమును గూర్చిన శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఇల్లు బాగుచేసికొనుటను గూర్చి మాటలాడుటకు వచ్చినవారు స్నానపు గదిని పట్టుకొని కూర్చున్నారేమని మీలో కొందరికి నవ్వు రావచ్చును. వసారా యెంత వెడల్పుండవలెను, వంటయింటి పొగ యే దారిన పోవలెను, పడకగదికి కిటికీ యెటువైపు పెట్టవలెను అని అడుగువారు ఎందరో కలరు. స్నానపు గది విషయమున మాత్రము మేస్త్రీ చెప్పినదే వేదము. మిగిలిపోయిన మూలలో నాలుగు గోడలు లేపి, ఒక తలుపు బిగించి, పని ముగిసినదనుకొందుము. కాని వృద్ధులు కాలుజారి పడి మంచము పట్టుట, బావినీరు చెడి పిల్లలకు విరేచనములు పట్టుకొనుట, చీకటి పడిన పిమ్మట స్త్రీలు బిక్కుబిక్కుమనుచు పెరటిలోనికి పోవుట, ఇవి యన్నియు ఆ మూలగది చుట్టునే తిరుగుచున్నవి. ఆ గది యెక్కడ నుండవలెను, అందులో నేది యెటువైపు నుండవలెను అను విషయమునే నేడు మాటలాడుకొందము.

మన పాత ఇండ్లలో నీళ్ళు పోసికొను చోటు ఇంటికి వెనుక, నూతికి దగ్గరగా నుండెడిది. ఒక పెద్ద బండ, చుట్టును తాటాకు తడికలు, ప్రక్కన నీళ్ళపొయ్యి మీద కాగు; ఇంతే. ఆ నీరు చిన్న కాలువగుండ అరటి మొక్కలకో, చేమ మడికో పోయెడిది. కొన్ని తావులందు ఇంటిలోపలనే ఒక మూల బండలు పరచి, గోడకు తూము పెట్టి జాలారి యని పిలిచెడివారు. దాని మీద కప్పు లేకపోవచ్చును, తలుపు లేకపోవచ్చును. కాని ఒక్క తెలివి దానియందు కలదు. నీరు ఎటు పోవలెనో ముందు చూచి, తరువాతనే బండ వేసిరి. మరుగుదొడ్డి మాత్రము ఆ ఇండ్లలో చాలవరకు లేనేలేదు. ఊరి బయట పొలము గట్టు, చెరువు కట్ట, అంతే.

2014వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛ భారత్ మిషన్ ప్రారంభమైన పిమ్మట, ఒక్కొక్క ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకముతో లక్షల కొలది మరుగుదొడ్లు గ్రామములలో లేచినవి. 2019వ సంవత్సరము ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ తో కుళాయి నీరు అనేక గ్రామములలో ఇంటి ముంగిటికి వచ్చినది. అనగా, కొద్ది సంవత్సరముల వ్యవధిలోనే మన ఇంటికి రెండు క్రొత్త వస్తువులు వచ్చినవి. కాని ఇల్లు మాత్రము పాతదే. మరుగుదొడ్డి పెరటి చివర నొంటరిగా నిలిచినది. స్నానపు బండ మరియొక మూలనున్నది. కుళాయి వీధివైపున నున్నది. ఇప్పుడు చేతిలో నాలుగు రూపాయలు చేరగానే, ఈ మూడింటిని ఒకచోటికి తెచ్చి, ఇంటికి ఆనించి చక్కని గది కట్టుకొందమని ప్రతి కుటుంబమును తలపోయుచున్నది. మంచి తలంపే. చిక్కులన్నియు ఇక్కడనే మొదలగుచున్నవి.

మేము చూచిన ఇండ్లలో చాలమంది గోడలతో పని ప్రారంభించుచున్నారు. ఖాళీ యున్న చోట గది, గదిలో మిగిలిన చోట పళ్ళెము, పళ్ళెమునకు తోచిన వైపునకు గొట్టము. ఇది తలక్రిందుల క్రమము. గోడ ఎక్కడనైనను లేచును. నీరు మాత్రము పల్లమునకే పోవును. కావున మొదట గుంతలు ఎక్కడ అని నిర్ణయింపవలెను. తరువాత అక్కడినుండి గొట్టమును ఇంటివైపు వెనుకకు లెక్క వేసికొనుచు రావలెను. ఆ పిమ్మట రాత్రివేళ ఎవరు ఏ మంచము మీదనుండి లేచి ఆ గదికి నడచెదరో చూడవలెను. గోడలు, తలుపులు, పలకల రంగులు, ఇవి యన్నియు తరువాతి మాటలు.

గుంతలను గూర్చి చెప్పెదము. మన గ్రామములకు మిక్కిలి తగినది రెండు గుంతల మరుగుదొడ్డి. ఒక్కొక్క గుంత సుమారు 1 మీటరు వ్యాసము, 1 మీటరు లోతు ఉండిన ఐదారుగురి కుటుంబమునకు చాలును. చుట్టును ఇటుకలు సందులు విడిచి పేర్చుటయో, రంధ్రములు గల సిమెంటు వరలు దించుటయో చేయుదురు. అడుగున గచ్చు చేయరాదు. నీరును, వాయువును నేలలోనికి ఇంకిపోవలెను. ఒక గుంత నిండువరకు రెండవది మూసియుంచి, నిండిన పిమ్మట దారి మార్చవలెను. దారి మార్చుటకు రెండు గొట్టములు చీలు చోట ఒక చిన్న తొట్టి కట్టి, మూత పెట్టెదరు. నిండిన గుంతను రెండేండ్లు కదపకుండ విడిచిన యెడల, అందున్నది వాసన లేని యెరువుగా మారును. దానిని ఇంటివారే తీసి చేనికి వేసికొనవచ్చును. ఈ విధానమును దేశమున విరివిగా వ్యాపింపజేసినవారిలో 1970వ సంవత్సరమున సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ గారు ముఖ్యులు. ఒక మనిషి మలమును మరియొక మనిషి చేతితో ఎత్తవలసిన దుస్థితి పోవలెననియే ఆయన పాటుపడిరి. 2013వ సంవత్సరపు చట్టము అట్టి పనిని చేయించుటను నేరముగా నిర్ణయించినది.

రెండు గుంతలకు నడుమ ఒక మీటరు దూరమైనను ఉండవలెను. లేనిచో నిండిన గుంతలోనికి ప్రక్క గుంత నీరు ఊరి, అది ఎన్నటికిని ఆరదు. త్రాగునీటి బావికిని, బోరుకును 10 మీటర్లు, అనగా 33 అడుగుల దూరము ఉంచుట క్షేమము. మన బావి మాత్రమే కాదు, ప్రక్కింటివారి బావిని కూడ కొలువవలెను. ప్రహరీగోడ కవతల నున్నంత మాత్రమున నేలలోని నీటికి అది పరాయి బావి కాదు గదా!

ఇచ్చట వాస్తును గూర్చి ఒక మాట. నూతిని ఈశాన్యమున త్రవ్వుకొని, మరుగుదొడ్డిని ఈశాన్యమున కట్టరాదని మన పెద్దలు పట్టుబట్టుట మీకు తెలిసినదే. శాస్త్రము మంచిదా కాదా యని తీర్పు చెప్పుటకు మేము రాలేదు. కాని ఆ నియమము పాటించిన ఇండ్లలో బావికిని గుంతకును దూరము దానంతట నదియే కుదురుచున్నది. దానికి విరుద్ధముగా, బోరును ఏ వాయవ్యముననో వేసి, మరుగుదొడ్డిని కూడ వాస్తు ప్రకారమని ఆ ప్రక్కనే కట్టినవారిని చూచితిమి. దిక్కు కుదిరినదని టేపు మడిచి లోపల పెట్టరాదు.

వరలను గూర్చి కూడ హెచ్చరింపవలసియున్నది. ఎక్కువ వరలు దించిన గుంత ఎక్కువ కాలము వచ్చునని కొందరు పది, పదిహేను వరలు బావివలె దించుచున్నారు. ఎంత లోతునకు పోయిన అంతగా భూగర్భజలమునకు చేరువ అగుదుము. పై మట్టిలో మలినమును శుభ్రపరచు సూక్ష్మజీవులును, గాలియు ఉండును. లోతున అవి తక్కువ. కావున మూడు నాలుగు అడుగులకు మించి లోతు వలదు. అవసరమైనచో వెడల్పు పెంచుడు. నల్లరేగడి నేలలో నీరు మందకొడిగా ఇంకును. అక్కడ గుంతను కొంత పెద్దది చేసి, వరల చుట్టును ఒక అడుగు మందమున ఇసుక, కంకర నింపవలెను. డెల్టా గ్రామములలో వానకాలమున నీరు జానెడు లోతుననే నిలుచును. అట్టిచోట గుంతను నేలపైకి ఎత్తి, చుట్టును మట్టి పోసి దిట్టము చేయవలెను. దానితో పాటు గదిని కూడ మెట్లు పెట్టి ఎత్తుగా కట్టవలెను. ఈ రెండు తావులందును ఇంజనీరును పిలిచి చూపించుట మేలు.

ఇక లెక్క. అంకెలకు విసుగు చెందవలదు. చిక్కుముడి యంతయు ఇక్కడనే కలదు.

ఒక ఇల్లు తలచుకొందము. ఇంటి అరుగు ఎత్తు పెరటి నేలకు 18 అంగుళములు. స్నానపు గదిని ఇంటి వెనుక గోడకు ఆనించి, అరుగుతో సమముగా కట్టదలచినాము. గుంతలు అక్కడినుండి 20 అడుగుల దూరమున నున్నవి. పళ్ళెము, దాని క్రింద నీరు నిలుచు వంపు గొట్టము, రెండును కలిసి గచ్చు క్రింద సుమారు ఒక అడుగు తినివేయును. అనగా గొట్టము మొదలగునప్పటికి నేలకు 6 అంగుళముల ఎత్తుననున్నది. గుంతకు పోవు గొట్టమునకు 15 అడుగులకు 1 అడుగు వాలైనను ఉండవలెను. 20 అడుగులకు అది 16 అంగుళములగును. ఆ లెక్కన గొట్టము గుంతను చేరునప్పటికి నేలకు 10 అంగుళముల లోతుననుండును. బాగుగనే యున్నది. గుంత లోతును ఆ 10 అంగుళముల క్రింది నుండి కొలుచుకొందము.

అదే ఇంటికి అరుగు లేదనుకొనుడు, గది నేలమట్టముననే యున్నదనుకొనుడు. అప్పుడు గొట్టము గుంతను చేరుసరికి 28 అంగుళముల లోతునకు పోవును. గుంత అంతకంతకు లోతగును. ఇట్టి సందర్భములలోనే మేస్త్రీ వాలు తగ్గించును. పని ముగిసిన దినమున అంతయు చక్కగనే కనిపించును. ఆరు నెలలకు గొట్టము పూడిపోవును. అప్పుడు గది పనికిరాదని తలుపునకు తాళము వేసి, అందులో కట్టెలు, పిడకలు నింపుదురు. మీ వీధిలో ఇట్టి గదులు ఎన్ని కలవో మీరే లెక్కించుకొనుడు. ఇంటివారికి బుద్ధి లేక వాటిని విడువలేదు, వాలు లేక విడిచిరి. కావున దూరము ఎక్కువైనచో గదినైనను గుంతలవైపు జరుపవలెను, అరుగునైనను ఎత్తు చేయవలెను. వాలుతో మాత్రము బేరమాడరాదు.

పళ్ళెమును కొనునపుడు గ్రామీణ పళ్ళెమని అడిగి కొనుడు. దాని వాలు 25 నుండి 28 డిగ్రీలు ఉండును. దాని వంపు గొట్టములో నీరు 20 మిల్లీమీటర్లు మాత్రమే నిలుచును. ఒకటిన్నర లేక రెండు లీటర్ల నీరు పోసిన చాలును. పట్టణపు పళ్ళెములు చదునుగా నుండి ఎక్కువ నీటిని కోరును. చూడ ముచ్చటగా నున్నదని దానిని తెచ్చినచో, నీరు మోయవలసినది ఇంటి ఆడువారే యని మరువరాదు. రెండు గుంతల పద్ధతికి గాలిగొట్టము కూడ అవసరము లేదు. వాయువును నేలయే పీల్చుకొనును.

స్నానపు నీరు ఈ గుంతలలోనికి పోరాదు. ఇది చాలమందికి క్రొత్తగా తోచును. మనిషికి రెండు బకెట్ల చొప్పున ఐదుగురు స్నానము చేసిన పది బకెట్లు, దాదాపు 150 నుండి 200 లీటర్లు. మరుగుదొడ్డి నీరు దానిలో చిన్న భాగము. ఇంత నీటిని గుంతలోనికి పంపినచో నేల తాగలేక గుంత వానకాలపు కుంటవలె నిండియుండును. రెండు గదులకు ఒకే గొట్టము వేసినచో ఖర్చు కలిసివచ్చునని మేస్త్రీ చెప్పును, వినవలదు. స్నానపు నీటిని వేరు గొట్టముతో కొబ్బరి, అరటి పాదులకో, రాళ్ళు నింపిన ఇంకుడు గుంతకో మళ్ళింపవలెను. పాత జాలారి తూమునకు ఈ న్యాయము ముందే తెలియును!

కొందరు పట్టణమును చూచి సెప్టిక్ ట్యాంకు కట్టుచున్నారు. కట్టదలచినచో దానిని వంటయింటి క్రిందనో, పడకగది క్రిందనో పెట్టరాదు. యంత్రముతో తోడు బండి వచ్చి నిలుచుటకు దారి ఉండవలెను. మూత తెరచుటకు చోటు లేని ట్యాంకులోనికి ఏదో యొకనాడు ఒక నిరుపేదను దింపుదురు. లోపలి వాయువు క్షణములో ప్రాణము తీయును. దాని నుండి పొంగు నీటిని వీధి కాలువలోనికి విడుచుట కూడ తగదు. దానికొక ఇంకుడు గుంత వేరుగా కావలెను.

ఇప్పుడు గది లోపలికి వత్తము.

స్నానమునకు, మరుగుదొడ్డికి ఒకే గది మేలా, వేరు గదులు మేలా? ఈ ప్రశ్న ప్రతి ఊరిలోను వచ్చును. ఆచారమును బట్టి వేరుగా నుండవలెనని పెద్దలందురు. మేము మరియొక లెక్క చెప్పెదము. తెల్లవారుజామున కూలికి పోవువారు, ఏడింటికి బడి బస్సు ఎక్కు పిల్లలు ఉన్న ఇంటిలో వేరు గదులే సుఖము. ఒకరు నీళ్ళు పోసికొనుచుండగా మరియొకరు బయట కాచుకొని యుండనక్కరలేదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు దొరికినచో నడుమ ఒక గోడ పెట్టి, స్నానమునకు నాలుగున్నర అడుగులు, మరుగుదొడ్డికి మిగిలినది విడువవచ్చును. కాని ఇంటిలో నడువలేని ముదుసలియో, పక్షవాతము వచ్చినవారో ఉన్న యెడల ఒకే గది కట్టుకొనుడు. వారికి తోడుగా మరియొకరు లోనికి వచ్చి నిలువవలెను. మూడడుగుల గదిలో అది సాధ్యము కాదు. ఇప్పుడు గోడ పెట్టినవారు సైతము, రేపు దానిని సులువుగా తీయుటకు వీలుగా కప్పు బరువును ఆ గోడ మీద మోపకుండుట మంచిది.

ఒకే గది యైనచో పొడవైన గోడ ఇంటికి వెలుపలి వైపున నుండునట్లు చూడుడు. అప్పుడు రెండు గొట్టములును సూటిగా బయటకు పోవును. తలుపునకు దగ్గరగా మరుగుదొడ్డి పళ్ళెము, దూరపు కొసన స్నానపు చోటు ఉండవలెను. ఎందుకనగా, రోజుకు పలుమార్లు, రాత్రివేళ కూడ పోవలసినది పళ్ళెము దగ్గరకు. ఆ దారి పొడిగా నుండవలెను. దీనిని త్రిప్పివేసినచో ముసలివారు నిద్రకన్నులతో సబ్బునీటిమీద నడచి పోవలసివచ్చును. పళ్ళెము చుట్టునున్న అరుగును 2 అంగుళములు ఎత్తు చేసినచో స్నానపు నీరు అందులోనికి పోదు. నడువలేనివారి కొరకు కట్టుచున్న గదిలో మాత్రము ఆ ఎత్తు అడ్డముగా తగులకుండ అంచును ఏటవాలుగా దిద్దించుడు. స్నానపు చోట 4 అడుగులకు 1 అంగుళము వాలు తూమువైపు ఉండవలెను. గచ్చు ఆరకముందే ఒక చెంబెడు నీరు పోసి చూడుడు. ఆరిన తరువాత చూచి ప్రయోజనము లేదు. తూమునకు మేస్త్రీలు నాని ట్రాపని పిలుచు దానిని బిగించినచో, అందు నిలిచిన నీరు బయటి వాసనను, బొద్దింకలను లోనికి రానీయదు.

గది నేల ఇంటి నేలకంటె ఒక అంగుళము పల్లముగా నున్న చాలును. నీరు ఇంటిలోనికి వచ్చునని భయపడి అరడుగు గడప కట్టుదురు. చీకటిలో ఆ గడపయే వృద్ధుల పాలిటి యమపాశము. తుంటి యెముక విరిగిన ముదుసలి మరల లేచి నడచుట ఎంత కష్టమో ఆ ఇంటివారికే తెలియును. బండల విషయమునను ఇదే జాగ్రత్త అవసరము. కడప బండ, బేతంచెర్ల బండ, షాబాదు బండ మనకు చేరువలోనే దొరకును, మన్నికయైనవి. కాని నునుపు పట్టించినవి స్నానపు గదికి పనికిరావు. గరుకుగా నున్నవానినే పరచుడు. మెరయు పలకలను గోడకు వేసికొనుడు, నేలకు వలదు.

తలుపు బయటకు తెరచుకొనవలెను. లోపల ఎవరైన సొమ్మసిల్లి పడినచో, లోనికి తెరచుకొను తలుపునకు వారి శరీరమే అడ్డుపడును. బయట నుండి ఎంత నెట్టినను రాదు. చిన్న గదులలో ఇది మరింత ప్రమాదము. గడియ కూడ అవసరమైనపుడు బయట నుండి తీయగలిగినదిగా నుండిన మంచిది. తలుపు వెడల్పు రెండున్నర అడుగులకు తగ్గరాదు. చక్రముల కుర్చీ వాడువారున్నచో 3 అడుగులు కావలెను. తలుపు తెరచినంతనే వంటయింటినో, వీధినో చూచునట్లు కాక, పెరటి గోడను చూచునట్లు నిలుపుడు. లోపలివారి మర్యాద తలుపు రెక్క మీద కంటె దాని ముఖము మీద ఎక్కువగా ఆధారపడియున్నది. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు మామగారు కూర్చున్న వసారా మీదుగా చెంబు పట్టుకొని పోవలసిన గది యెంత అందముగా నున్నను, ఆమె దానిని చీకటి పడువరకు వాడదు. అంతవరకు నీరు త్రాగుట కూడ మానుకొనును. ఆ అలవాటు వలన మూత్రవ్యాధులు వచ్చును. ఇంటి పటము గీయునపుడు మగవారే కూర్చుండి గీయుట వలన ఇట్టివి వారి దృష్టికి రావు. ఆ దినమున ఇంటి స్త్రీలను పిలిచి అడుగుడు.

వారు అడుగునది పెద్దదేమియు కాదు. బట్టలు తడవకుండ పెట్టుకొనుటకు ఎత్తున ఒక గూడు, రెండు కొక్కెములు, నెలసరి దినములలో బట్టలు ఉతుకుకొనుటకు లోపలనే ఒక కుళాయి, వానిని ఎండలో ఆరవేయుటకు వెనుక నొక మరుగు. ఆరడుగుల ఎత్తున ఒకటిన్నర అడుగుల జాలీ కిటికీ పెట్టినచో వెలుతురును, గాలియు వచ్చును, పరుల చూపు రాదు.

మోకాళ్ళ నొప్పులు గలవారికి పళ్ళెమునకు ఇరువైపుల గోడలో ఒక అంగుళము ఇనుప గొట్టములను పిడివలె బిగించుడు. గోడ కట్టునపుడే బిగించిన గట్టిగా నుండును. తరువాత మేకులతో తగిలించినవి పట్టుకొన్నవానితో సహా ఊడివచ్చును. కూర్చుండు కమోడు పెట్టుటకు వీలులేనిచో, నడుమ రంధ్రము గల బల్ల కుర్చీలు అంగళ్ళలో దొరకుచున్నవి. దానిని పళ్ళెము మీద నిలుపుటకు చుట్టును చోటు విడిచిన చాలును.

వేడినీళ్ళ సంగతి విడిచిపెట్టరానిది. పూర్వము కాగు బయట కాగెడిది. ఇప్పుడు కరెంటు రాడ్డును బకెట్టులో వ్రేలాడదీసి, దానిని స్నానపు గదిలోనే తడినేల మీద పెట్టుచున్నారు. స్విచ్చి కట్టకముందే నీరు కాగినదా యని చేయి పెట్టి చూచి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. నీళ్ళు కాచు చోటును గది బయట, వసారాలో పొడిగానున్న గట్టు మీద ఏర్పరచుడు. ప్లగ్గు తీసిన తరువాతనే బకెట్టును ముట్టవలెను. దీపపు స్విచ్చి తలుపు బయటనే ఉండవలెను. ఇంటికి ఎర్తు తీగయు, 30 మిల్లీ ఆంపియర్లకు పనిచేయు రక్షణ స్విచ్చియు పెట్టించుడు. గ్యాసుతో పనిచేయు గీజరును మూసిన గదిలో ఎన్నడును బిగింపవలదు. దాని నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడుకు రంగులేదు, వాసన లేదు; లోపలివారికి తెలియకుండగనే స్పృహ తప్పించును.

ఇంతయు విని, పెరటి చివరనున్న పాత మరుగుదొడ్డిని రేపే పడగొట్టవలెనని కొందరు తలంచుచున్నారేమో! తొందరపడకుడు. దాని గుంతలు చక్కగా నున్నచో, బావికి దూరముగా నున్నచో, వానిని అట్లే ఉంచి, గదిని మాత్రము వాలు అనుమతించినంత వరకు ఇంటివైపు జరుపుకొనవచ్చును. గుంతలు త్రవ్వు ఖర్చు మిగులును. అదియు కుదరనిచో గదిని ఇంటి దగ్గరకు తెచ్చుటకు బదులు, ఇంటిని గది వరకు పొడిగింపవచ్చును. వెనుక వాకిలి నుండి అచ్చటి వరకు మూడడుగుల గచ్చు బాట, పైన రేకుల పంచ, ఒక ప్రక్క పట్టుకొనుటకు గొట్టము, తలదిండు దగ్గర స్విచ్చి గల ఒక దీపము. క్రొత్త గదికగు వ్యయములో కొద్దిపాటితో ఇది ముగియును. అందము తక్కువే యని ఒప్పుకొందుము. కాని వాన కురియుచున్న అర్ధరాత్రి అవ్వగారు తడవక, జారక పోయి రాగలరు.

కాగితము మీద గీసిన పటము మనలో చాలమందికి బోధపడదు. అందులో తప్పేమియు లేదు. 4 అడుగులనగా ఎంతయో కాగితము చెప్పదు. అందుచేత పునాది త్రవ్వుటకు ముందు దినమున, కట్టదలచిన చోటనే ముగ్గుపిండితో గదిని పూర్తి కొలతలతో నేలమీద గీయుడు. పళ్ళెమున్నచోట ఒక పీట, తొట్టియున్నచోట ఒక బకెట్టు పెట్టుడు. తలుపు రెక్క తిరుగు మేరను అర్ధచంద్రముగా గీయుడు. తరువాత ఇంటిలో అందరికంటె పెద్దవారిని చేతికర్రతో లోనికి నడిపించి చూడుడు. పీట మీద కూర్చుండి లేచునపుడు వారి చేయి దేనికొరకు వెదకునో అక్కడ పిడి ఉండవలెను. బిడ్డను కాళ్ళమీద పండుకోబెట్టుకొని నీళ్ళు పోయు బాలింత కాళ్ళు చాచుకొనుటకు చోటు చాలునో లేదో ఆమెనే కూర్చుండి చూడుమనుడు. చాలనిచో ముగ్గును చెరిపి అరడుగు జరుపుటకు కాణీ ఖర్చు లేదు. గోడను జరుపుటకు ఎంత యగునో మేస్త్రీని అడుగుడు.

ఈ సభామందిరము వెలుపల చావడి ముందు 8 అడుగుల గదినొకదానిని, 7 అడుగుల గదినొకదానిని ఉదయమే ముగ్గుతో గీయించి యుంచితిమి. పీటలు, బకెట్లు అక్కడనే కలవు. ముందుగా అవ్వలను, ఆడపడుచులను రమ్మని కోరుచున్నాము. వారు నడచి చూచిన తరువాత మిగిలినవారము ప్రశ్నలు మాటలాడుకొందము.